బి షిఫ్టు రిలీవర్

లాప్‌టాప్‌కి బొట్టు పెట్టిన మనిషి గోవింద్‌పూర్ మొత్తం మీద తవిటయ్య ఒక్కడే అయి ఉంటాడు. నిరుడు విశ్వకర్మ పూజ నాడు, కూతురు రోహిణి వద్దు మొర్రో అంటున్నా వినకుండా, తడి వేలు కుంకంలో ముంచి మూత మీద సరిగ్గా నట్టనడుమ అద్దాడు.

"మెషీనన్నాక ఏడాదికి ఒకపాలి దండవెట్టాల. మిగతా రోజులన్నీ అదే కదా మనకి సాకిరీ సేత్తాది" అన్నాడు.

రోహిణి మూతి ముడుచుకుంది గానీ ఆ బొట్టు తుడవలేదు. ఇప్పుడు తుడవాలన్నా చెయ్యి రాదు. తవిటయ్య పోయి నాలుగు నెలలైంది.

ఆయన పొట్ట చేతపట్టుకుని ఈ హిందీ ఊళ్లకి వచ్చి, ఆదిత్యపూర్‌లో ఒక చిన్న ఫౌండ్రీలో ముప్పై నాలుగేళ్లు ఇనుము కరిగించే ఫర్నేసు దగ్గర పనిచేశాడు. వేడి ఎంతుందో మీటరు చెప్పేలోపలే అరచెయ్యి వెనక్కి తిప్పి గాలిలో పెట్టి చెప్పేసేవాడు. అయినా పావుగంటకోసారి రిజిస్టర్‌లో రాయడం మానేవాడు కాదు. టైము, కరెంటు, వేడి. ఏడు అంకెకి నడుం దగ్గర ఒక అడ్డగీత పెట్టేవాడు, ఎవడైనా దాన్ని ఒకటి అనుకుంటే కొంపలంటుకుంటాయని. తప్పు పడితే చెరపడం ఉండదు. ఒక్క గీత కొట్టి, పైన సరైనది రాసి, పక్కన పొట్టి సంతకం. అది ఫర్నేసు మర్యాద.

అన్నిటికన్నా పెద్ద మర్యాద ఇంకొకటుంది. రిలీవర్, అంటే తర్వాతి షిఫ్టు మనిషి, వచ్చి చార్జి తీసుకునేదాకా స్టూలు దిగకూడదు. దిగేవాడు అంకెలు పైకి చదవాలి, ఎక్కేవాడు అవే అంకెలు తిరిగి చెప్పాలి, ఆ తర్వాతే ఇద్దరి సంతకాలూ. రిలీవర్ రాలేదనుకోండి, ఫర్నేసుని హోల్డులో పెడతారు. కరెంటు సగానికి దించి, ఇనుము గడ్డ కట్టకుండా, అలాగని పొంగకుండా, ఉన్నచోట ఉంచి కాచుకుని కూర్చుంటారు. బిహార్ నుంచి వచ్చిన ఒక రిలీవర్, పెళ్లాం మంచం పట్టిన ఏడాది, ఒక్కరోజూ వేళకి రాలేదు. తవిటయ్య గంట, గంటన్నర హోల్డులో పెట్టుకుని నిలబడేవాడు. అతను రొప్పుతూ రాగానే రిజిస్టర్‌లో 'రిలీవర్ టైముకి వచ్చాడు' అని రాసేవాడు. ఆలస్యమని రాస్తే ఆ మనిషికి ఆ రోజు హాజరు పడదు. ఇన్నేళ్ల రిజిస్టర్లలో తవిటయ్య రాసిన అబద్ధం అదొక్కటే.

అలాంటి మనిషి రిటైరై ఇంట్లో కూర్చుంటే ఏమవుతాడు? భార్య చిలకమ్మ వంటలో ఉప్పు ఎంత వెయ్యాలో చెప్పడం మొదలుపెట్టాడు. ఆ గండం నుంచి ఇంటిని కాపాడింది రోహిణి లాప్‌టాప్. త్రీడీ బొమ్మల పని నేర్చుకుంటున్న రోహిణి, గేములు ఆడేవాళ్ల కోసం చేసిన బలమైన లాప్‌టాప్ కొనుక్కుంది. బొమ్మల లెక్కలన్నీ చేసేది అందులోని గ్రాఫిక్స్ కార్డు. దాన్ని కంపెనీ పెట్టిన వేగం కన్నా కొంచెం పైకి నడిపించవచ్చు, కాకపోతే వేడెక్కుతుంది అని ఆమె ఒకరోజు తల్లితో అంటుంటే, పేపరు చదువుకుంటున్న తవిటయ్య కళ్లజోడు తీశాడు.

"లోపల వేడి ఎంతుందో కనిపిత్తాదేటి?" అని అడిగాడు.

కనిపిస్తుందని తెలిశాక ఆయన్ని ఆపగలిగేవాళ్లు లేరు. జుగ్సలాయి బజారుకెళ్లి పొడుగాటి ఆకుపచ్చ రిజిస్టర్ తెచ్చాడు. ఫౌండ్రీలోలాగే గళ్లు గీశాడు. లాప్‌టాప్ వెనక కాళ్ల కింద రెండు సీసా మూతలు పెట్టి గాలి ఆడేలా ఎత్తాడు. ఇక మొదలైంది. వేగం ఒక్కసారిగా పెంచకూడదు, కంపెనీ వేగం మీద పాతిక పాయింట్ల చొప్పున పెంచాలి. ఇరవై నిమిషాలు బరువైన పని ఇచ్చి చూడాలి. తెర మీద రంగు చుక్కలు పడుతున్నాయేమో కనిపెట్టాలి. ఎనభై అయిదు డిగ్రీలు దాటితే దించెయ్యాలి. వోల్టేజి జోలికి మాత్రం పోనే పోకూడదు. ఇవన్నీ రోహిణి నెట్‌లో చదివిందే. తవిటయ్య ఏమీ చదవకుండానే అంతకన్నా కచ్చితంగా చెప్పాడు.

వారం రోజులు పట్టింది. నూట పాతిక దగ్గర తెర మీద ఆకుపచ్చ చుక్కలు మెరిశాయి. వెంటనే నూట పదికి దించి, రిజిస్టర్‌లో ఎర్ర పెన్సిలుతో గీత గీశాడు.

"దీని ఒంటికి పడేది ఇంతే. ఈ గీత దాటకు గుంటా" అన్నాడు కూతురితో.

మే తొమ్మిదిన ఆఖరి పరీక్ష పెట్టుకున్నారు. ఎర్రగీత వేగంలో మధ్యాహ్నం రెండు నుంచి గంటల తరబడి ఏకధాటిగా నడపాలి. రెండింటికి మొదలైతే బి షిఫ్టు లెక్క, రాత్రి పది దాకా అని తవిటయ్య తేల్చాడు. ముందుగదిలో చిన్నబల్ల మీద లాప్‌టాప్, దాని ముందు ఇనప స్టూలు మీద ఆయన. ఆ మూల మంచం మీద రోహిణి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు, చేతిలో ఫోను, ఫోనులో ఆట. మూడున్నరకి ఆయన పిలిచాడు.

"అమ్మా, చార్జి తీసుకో. నాకు బాగునేదు."

ఒక చెవిలో ఇయర్‌ఫోను జారి ఉంది కాబట్టి ఆమెకి వినిపించింది. "దో మినట్, పాపా" అంది తలెత్తకుండా. తండ్రి తెలుగులో అడిగితే కూతురు హిందీలో జవాబివ్వడం ఆ ఇంట్లో మామూలే.

రెండు నిమిషాలు అని పిల్లలు రోజుకి పదిసార్లు అంటారు, పదిసార్లూ ఏమీ కాదు. ఆట ముగిసేసరికి పదకొండు నిమిషాలు పట్టింది. తలెత్తి చూస్తే ఆయన గోడకి చేరబడి ఉన్నాడు, వేళ్ల మధ్య పెన్సిలుంది. రెండడుగులు వేస్తే మంచం. వెళ్లి పడుకోవచ్చు. పడుకోలేదు, రిలీవర్ రాలేదు కనుక.

గుండె అన్నాడు డాక్టరు. ముందే పడుకోబెట్టి ఉంటే ఏమయ్యేదో రోహిణి అడగలేదు, ఆయనా చెప్పలేదు. నాన్న పిలిచిన సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు, తల్లికి అసలే చెప్పలేదు. ఆ మాట లోపలే ఉండిపోయి ఆమెని తింటోంది. లాప్‌టాప్ మూసి, రిజిస్టర్‌తో సహా బల్ల మీదే వదిలేసి, పైన ఒక దుప్పటి కప్పింది.

సెప్టెంబరులో ఆ దుప్పటి తియ్యక తప్పలేదు. హైదరాబాదులో ఒక యానిమేషన్ స్టూడియో ఆమెకి పరీక్ష పెట్టింది. వానలో తడుస్తున్న ఒక ఇనప గేటు, ఇరవై అయిదు సెకన్లు. శుక్రవారం సాయంత్రం ఆరింటికల్లా పంపాలి. నచ్చితే ఉద్యోగం, అదీ ఇంటి నుంచే. ఇరవై అయిదు సెకన్లంటే, సెకనుకి ఇరవై నాలుగు చొప్పున ఆరొందల బొమ్మలు. కంపెనీ వేగంలో ఒక్కో బొమ్మకి ఆరు నిమిషాలు, మొత్తం అరవై గంటలు. ఎర్రగీత వేగంలో అయితే యాభై అయిదు. ఆ అయిదు గంటలూ లేకపోతే, మధ్యలో ఏ చిన్న అడ్డం వచ్చినా పని గల్లంతే.

శనివారం రాత్రి లాప్‌టాప్ తెరిచి గేటు కట్టడం మొదలుపెట్టింది. ఆదివారం మధ్యాహ్నం ఆ ఎర్రగీత వేగమే పెట్టి పరీక్షగా పది బొమ్మలు నడిపింది. ఫ్యాను హోరున తిరుగుతోంది, అంతా బాగుంది. మూడున్నరకి ఫ్యాను హోరు తగ్గింది. చూస్తే వేగం సగానికి పడిపోయి ఉంది. వేడెక్కి పడిపోయిందా అంటే వేడి ఎనభై ఒకటే. మళ్లీ పెంచింది. ఆమె కళ్ల ముందే, ఎవరో వేలితో మెల్లిగా తోసినట్టు, తెర మీద వేగం మార్చే మీట కిందికి జారింది. రాత్రి పదింటికి తనంతట తనే లేచి మామూలైంది. సోమవారమూ అంతే, మూడున్నరకి దిగడం, పదింటికి లేవడం.

మంగళవారం పొద్దున్నే జుగ్సలాయిలో లాప్‌టాప్‌లు బాగుచేసే సౌరభ్ దగ్గరికి పట్టుకెళ్లింది. అతను విప్పి, దుమ్ము ఊది, చిప్పు మీద ఎండిన పేస్టు గీకి కొత్తది రాసి, పన్నెండు నుంచి రాత్రి దాకా దుకాణంలోనే నడిపాడు. ఒక్క క్షణం కూడా వేగం తగ్గలేదు.

"మెషీన్‌లో ఏ దోషమూ లేదు" అన్నాడు సౌరభ్ హిందీలో, తెర మీద గీతలు చూపిస్తూ. "ఆది, సోమ రెండురోజులూ సరిగ్గా మూడున్నరకి ఎవరో చేత్తో దించారు. చూడు, దించిన పద్ధతి కూడా పాతిక, పాతిక, పాతిక. ఇంట్లో ఇంకెవరైనా వాడతారా?"

"మా అమ్మ ఉంటుంది. ఆవిడ దాన్ని ముట్టుకోదు" అంది రోహిణి. పాతిక, పాతిక అన్న మాట మాత్రం దారి పొడుగునా ఆటోలో ఆమె పక్కనే కూర్చుని వచ్చింది.

బుధవారం ఉదయం ఆరింటికి అసలు పని మొదలుపెట్టింది. గడువుకి సరిగ్గా అరవై గంటలుంది. మధ్యాహ్నం మూడింటికల్లా అన్నం తిని, స్టూలు పక్కన కుర్చీ వేసుకుని తెర మీద నుంచి కళ్లు తిప్పకుండా కూర్చుంది. పట్టపగలు. బయట సందులో పూజ పందిరికి వెదుళ్లు పాతుతున్నారు, సుత్తి చప్పుడు వినిపిస్తోంది. మూడున్నరకి సుత్తి చప్పుడు అలాగే ఉంది, ఫ్యాను చప్పుడు తగ్గింది. మీట పాతిక కిందికి జరిగింది. ఆగింది. ఇంకో పాతిక జరిగింది. అప్పుడు ముక్కుకి కాలిన ఇసక వాసన తగిలింది. అచ్చుపోసే ఇసక మీద కరిగిన ఇనుము పడితే వచ్చే వాసన. ముప్పై నాలుగేళ్లు ఆ ఇంటికి షిఫ్టు దిగి వచ్చిన వాసన.

రోహిణి పక్కకి తిరిగింది. చెయ్యి చాపి స్టూలు మీద పెట్టింది. ఎవరో అప్పటిదాకా కూర్చున్నట్టు ఆ ఇనుము వెచ్చగా ఉంది. ఆమె కూర్చున్న కుర్చీలోంచి గదంతా దాటి వంటింటి గుమ్మం దాకా ఎప్పుడు వచ్చిందో ఆమెకే తెలియదు.

కాసేపటికి ధైర్యం తెచ్చుకుని వెనక్కి వెళ్లింది. రిజిస్టర్ మూసి పెట్టిందని గుర్తు. ఇప్పుడు తెరిచి ఉంది. మే తొమ్మిది, మూడున్నర, నూట పది, ఎనభై ఒకటి. అది నాన్న రాసిన ఆఖరి వరస. దాని చివర చార్జి ఇచ్చిన సంతకం గడి ఖాళీ, తీసుకున్న సంతకం గడి ఖాళీ. దుప్పటి కప్పేముందు ఆ వరస ఆమె వందసార్లు చూసింది. దాని కింద ఇప్పుడు ఇంకా వరసలున్నాయి. ఆదివారం మూడున్నర నుంచి పది దాకా ప్రతి పావుగంటకీ, సోమవారం ప్రతి పావుగంటకీ. పెన్సిలు రాత, ఏడు అంకెలన్నిటికీ నడుం దగ్గర అడ్డగీత. 'హోల్డు' అని ప్రతి వరసకీ. మంగళవారం, లాప్‌టాప్ జుగ్సలాయిలో ఉన్న రోజు, అంకెలు లేవు. మూడున్నర, మెషీన్ లేదు. మూడూ ముప్పావు, మెషీన్ లేదు. నాలుగు, మెషీన్ లేదు. అలా రాత్రి పది దాకా.

ఆ పేజీ చూసేసరికి రోహిణికి భయం పోయి ఏడుపొచ్చింది. మెషీన్ లేని బల్ల ముందు ఆరున్నర గంటలు ఆయన ఏం చూస్తూ కూర్చున్నాడో.

కళ్లు తుడుచుకుని, రిజిస్టర్ మూసి, చంకలో గట్టిగా అదిమి పట్టుకుని గడియారం కింద నిలబడింది. అయిదుంబావు అయింది. తెరిచి చూసింది. అయిదుంబావు, హోల్డు, అరవై నాలుగు. తెర మీదా అరవై నాలుగే.

"అమ్మా" అని పిలిచింది. చిలకమ్మ వంటింట్లోంచి టీ గ్లాసు పట్టుకొచ్చి, కూతురి వైపు చూడకుండానే రిజిస్టర్ ఉండే చోట, స్టూలుకి అందేలా పెట్టింది. ఆదివారం నుంచీ ఆ గ్లాసు అక్కడ పెడుతోందని, తను వేగం గొడవలో పడి గమనించలేదని రోహిణికి అప్పుడు తట్టింది.

"యే కిస్కే లియే, మా?" ఎవరికని అడిగింది.

"బి షిఫ్టు మనిషి టీ నేకుండా ఎలగుంటాడు?" అంది చిలకమ్మ. "నువ్వా డబ్బా మీద దుప్పటి తీసినకాడి నుండి వత్తన్నాడు. నాకు వాసన తెల్దేటి."

"ఈ రాత..."

"నానేటి రాత్తాను తల్లీ. నాకు సంతకం తప్ప వచ్చునా." చిలకమ్మ మంచం అంచు మీద కూర్చుంది. "రిలీవర్ రాకుండా మీ నాన్న ఎప్పుడైనా దిగినాడేటి? ఆ రోజు నిన్ను పిలిసినాడు కదా."

రోహిణి రిజిస్టర్ మూసేసింది. "నీకు... నీకు తెలుసా?" అంది, ఈసారి తెలుగులో.

"వంటింట్లోంచి ఇన్నాను. నువ్వు రెండు నిమిసాలు అన్నావు. సరే, ఎల్తాదిలే అనుకున్నాను, పప్పు దించుతున్నాను. నాను మాత్రం వచ్చినానేటి?" చిలకమ్మ కొంగు అంచు వేలికి చుట్టుకుంది. "నువ్వు సెప్పుకోనేకపోతున్నావని నాకెరికే. నానెత్తితే ఇంకా కుమిలిపోతావని ఊరుకున్నాను."

నాలుగు నెలలు ఒకే ఇంట్లో, ఒకే మాటని చెరోవైపు నుంచి దాచుకుని ఇద్దరూ అన్నాలు తిన్నారన్నమాట. రోహిణి తల్లి భుజం మీద తల పెట్టి చాలాసేపు ఏడ్చింది. చిలకమ్మ ఏడవలేదు, తల నిమురుతూ కూర్చుంది.

"నువ్వు సంతకం పెడితే దిగిపోతాడమ్మా" అంది చివరికి. "పాపం, అలిసిపోయుంటాడు."

చెయ్యవలసిన పని ఏమిటో రోహిణికి అర్థమైంది. అర్థమయ్యాకే అసలు చిక్కు మొదలైంది. సంతకం పెడితే ఆయన దిగిపోతాడు. దిగితే ఇక రాడు. ఏ రూపంలో అయితేనేం, నాలుగు నెలల తర్వాత నాన్న ఇంట్లో ఉన్నాడు, ఆయన రాత రిజిస్టర్‌లో పడుతోంది, ఆయన గ్లాసు బల్ల మీద ఉంది. ఆయన్ని తన చేత్తో పంపించడం ఆమె వల్ల కాలేదు. ఆ రాత్రి ఆమె సంతకం పెట్టలేదు.

బుధవారం హోల్డు వల్ల మూడుంబావు గంటలు పోయాయి. ఇక ఉన్న వెసులుబాటు గంటా నలభై అయిదు నిమిషాలు. గురువారం మధ్యాహ్నం మళ్లీ హోల్డు పడితే పరీక్ష పోయినట్టే. నాన్నని పంపకుండానే గడువు అందుకోవాలని గురువారం పొద్దున్న ఒక తెలివితక్కువ పని చేసింది. పొద్దున్న నడిచేది 'ఎ' షిఫ్టు, ఆయనది 'బి', కాబట్టి అప్పుడు ఆయన ఉండడు, మందలించేవాళ్లు ఎవరూ లేరు. నూట పది మీద ఉన్న మీటని ఒక్క తోపుతో నూట డెబ్బై అయిదుకి నెట్టేసింది. పాతిక పాతికగా కాదు, ఆగి చూసుకుంటూ కాదు. ఎర్రగీత ఉన్న పేజీ కనబడకుండా రిజిస్టర్ తిప్పి పెట్టింది కూడా.

స్నానం చేసి, తల్లికి వంటలో సాయం చేసి, గంటంబావు తర్వాత వచ్చి చూసేసరికి పదిహేను బొమ్మలు పాడైపోయి ఉన్నాయి. వానలో తడుస్తున్న గేటు మీద ఆకుపచ్చ చుక్కలు చిమ్మి ఉన్నాయి. వేడి ఎనభై తొమ్మిది. చెయ్యి దగ్గర పెడితే కాలుతోంది. ఇంకో పది నిమిషాలు ఆలస్యమైతే కార్డే పోయేదేమో, ఎవరికి తెలుసు. గబగబా నూట పదికి దించి, పాడైన బొమ్మల్ని మళ్లీ మొదలుపెట్టి, లెక్క చూసుకుంది. మిగిలిన వెసులుబాటు ఇరవై నిమిషాలు.

స్టూలు ముందు నేల మీద కూలబడింది. బాగా సిగ్గేసింది. మెషీన్ ముందు ఎవరూ లేరు, అది సంగతి. ఆయన ఉన్నాడనుకుని తను చార్జి తీసుకోలేదు, తను తీసుకోలేదని ఆయన దిగలేదు. ఇద్దరి మధ్యా మెషీన్ కాలిపోబోయింది. ఆ రోజు నాన్నకి జరిగింది కూడా సరిగ్గా అదే.

మధ్యాహ్నం మూడూ ఇరవైకి కుర్చీ తీసేసి స్టూలు పక్కన నిలబడింది. రిలీవర్ నిలబడే చోటు అదే. చెవుల్లో ఏమీ లేవు, ఫోను వంటింట్లో తల్లి దగ్గర పెట్టి వచ్చింది. సందులో సుత్తులు టీకి ఆగినట్టున్నాయి, ఏ చప్పుడూ లేదు. మూడున్నరకి మొదట ఇసక వాసన వచ్చింది. తర్వాత ఫ్యాను తగ్గింది. మీట పాతిక కిందికి జరిగింది.

రోహిణి అరచెయ్యి వెనక్కి తిప్పి, గాలి వచ్చే చోట పెట్టింది. ఆ చేతి పక్కనే, తాకీ తాకనట్టు, ఇంకో చేతి వెచ్చదనం తెలిసింది. చెయ్యి వెనక్కి తీసుకోవాలని ఒళ్లంతా అంది. తీసుకోలేదు.

అంకెలు ముందు దిగేవాడు చదవాలి. ఆమె ఆగింది. ఏమీ వినిపించలేదు. కానీ మీట జరగడం ఆగింది, తెర మీద వేడి అంకె ఒక్కచోట నిలబడింది. ఎవరో చదివి, జవాబు కోసం చూస్తున్నట్టుంది.

"వేగం నూట పది" అంది రోహిణి, ఆయన మే తొమ్మిదిన రాసిన ఆఖరి వరస చూస్తూ. "వేడి ఎనభై ఒకటి. చుక్కల్లేవు. ఎర్రగీత నాకు తెలుసు, దాటను. పొద్దున్న దాటాను, తప్పయింది." ఊపిరి తీసుకుంది. తరువాతి మాట హిందీలో వస్తుందేమోనని భయపడింది గానీ, అది చిన్నప్పుడు ఆయన నేర్పిన మాటల్లోనే వచ్చింది. "చార్జి నాది, నాన్నా. నాను వచ్చినాను. నువ్వు దిగు."

పెన్సిలు తీసుకుంది. కొత్త వరసలన్నీ వదిలేసి మే తొమ్మిది వరస దగ్గరికి వెళ్లింది. ఆయన పిలిచింది అక్కడ. తీసుకున్న గడిలో సంతకం పెట్టింది. పక్కన నిజమే రాసింది: సెప్టెంబరు పన్నెండు, మూడూ ముప్పై నాలుగు, రిలీవర్ ఆలస్యం.

ఫ్యాను హోరందుకుంది. మీట పాతిక పైకి వచ్చి నూట పది దగ్గర నిలిచింది. కాలిన ఇసక వాసన ఆమె పక్క నుంచి కదిలి, గుమ్మం వైపు వెళ్లి, గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి, వెళ్లిపోయింది. రోహిణి పరుగున గుమ్మం దాకా వెళ్లి చూసింది. సందులో ఎండ, పాతిన వెదుళ్లు, పడుకున్న కుక్క. ఎవరూ లేరు. స్టూలు మీద చెయ్యి పెడితే చల్లగా తగిలింది.

శుక్రవారం సాయంత్రం అయిదూ నలభైకి ఆఖరి బొమ్మ పూర్తవుతుంది, ఆరులోపలే ఆమె పంపిస్తుంది, ఉద్యోగం సంగతి ఆ స్టూడియోవాళ్లు తీరిగ్గా తేలుస్తారు. ఆ మధ్యాహ్నం మాత్రం రోహిణికి ఆ ఊసే లేదు. గుమ్మం దగ్గర నుంచి వెనక్కి వచ్చి రిజిస్టర్ చూసింది, చూసి అక్కడే నిలబడిపోయింది.

చార్జి ఇచ్చిన గడి ఖాళీగా లేదు. తవిటయ్య అని నిండు సంతకం ఉంది. ఆమె రాసిన 'సెప్టెంబరు పన్నెండు, మూడూ ముప్పై నాలుగు, రిలీవర్ ఆలస్యం' మీద ఒకే ఒక్క గీత కొట్టి ఉంది, కింద అక్షరాలు చదవడానికి వీలుగా. గీత పైన పెన్సిలుతో, 'మే తొమ్మిది, మూడున్నర. రిలీవర్ టైముకి వచ్చింది' అని దిద్ది ఉంది. పక్కన పొట్టి సంతకం.

చిలకమ్మ టీ గ్లాసుతో వచ్చి, వాసన లేని గదిని గుమ్మంలోనే కనిపెట్టి ఆగింది. "దిగినాడా?" అంది.

రోహిణి తల ఊపింది. "ఏటి రాసినాడు?" అని తల్లి అడిగితే చదివి వినిపించింది. రెండో మాట దగ్గర ఆగిపోయి మళ్లీ మొదటి నుంచి చదవాల్సి వచ్చింది.

చిలకమ్మ పేజీ మీదికి వంగి ఆ సంతకం చూసింది. కళ్లలోంచి నీళ్లు జారుతుంటే తుడుచుకోలేదు. "ఆ అబద్దం ఆయనకి అలవాటే" అంది, కొంచెం నవ్వి. తెచ్చిన గ్లాసు ఎప్పటి చోటే పెట్టింది. "తాగు. సల్లారిపోద్ది. పది దాకా షిఫ్టు నీదే కదా."

రోహిణి స్టూలు ఎక్కి కూర్చుంది. మూడూ ముప్పావు అయింది. పెన్సిలు తీసి టైము రాసింది, వేగం రాసింది. వేడి డెబ్బై ఏడు. రెండు ఏడు అంకెలకీ నడుం దగ్గర అడ్డగీత పెట్టింది.